బాటను బట్టి బజారు: ఫ్రెస్నో నగరపు కథ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఒక గ్రామమున ఇరువదియైదు సంవత్సరములు గ్రంథాలయమును నిలువబెట్టుట సామాన్యమైన కార్యము కాదు. ఇట్టి శుభసమయమున సముద్రముల కావలనున్న ఒక నగరమును గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని గ్రంథాలయమనగా ఉన్నచోట కూర్చుండి లోకమును చూచు స్థలము కదా! పైగా ఆ నగరపు కథలో గ్రంథాలయము కూడ రెండు మూడు చోట్ల తొంగిచూచును. ఒక ఊరికి గుర్తుగా నిలువవలసినది ఏది, ఆ ఊరి బజారు ఎచ్చట నుండవలెను, అచ్చటికి జనులు ఎట్లు చేరవలెను అను మూడు ప్రశ్నలు చిన్న ఊరికిని పెద్ద నగరమునకును సమానమే. ఈ ప్రశ్నలకు నూటయేబది యేండ్లలో పలుమార్లు సమాధానము మార్చుకొని, మార్చుకొనిన ప్రతిసారియు కొంత లాభమును, కొంత నష్టమును పొందిన నగరము ఫ్రెస్నో.

అమెరికా పడమటి తీరమున కాలిఫోర్నియా రాష్ట్రము కలదు. ఆ పేరు చెప్పగనే శాన్‌ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజిలిస్ అను మహానగరములు స్ఫురించుట సహజము. ఆ రెంటికి నడుమ, సముద్రమునకు దూరముగా, సాన్ వాకీన్ లోయలో ఫ్రెస్నో ఉన్నది. తూర్పున సియెర్రా నెవాడా పర్వతములు, చుట్టును ద్రాక్షతోటలు, బాదము తోటలు. వేసవిలో ఎండ మిక్కుటము; వాన స్వల్పము. 2020వ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము నగర జనసంఖ్య 5,42,107. కాలిఫోర్నియా ప్రమాణమున ఇది మహానగరము కాదు. చిన్న పట్టణమును కాదు. ఫ్రెస్నో అనునది ఆష్ జాతి చెట్టునకు స్పానిష్ భాషలో గల పేరు.

ఈ నగరమును కన్న తల్లి నది కాదు, కోట కాదు, దేవాలయము కాదు, రైలుమార్గము. 1871వ సంవత్సరమున సెంట్రల్ పసిఫిక్ రైల్వే అధిపతులలో నొకడైన లీలండ్ స్టాన్‌ఫర్డ్ ఈ మైదానమున ప్రయాణించుచు, నలుదిక్కుల ఎండిన నేల నడుమ కాలువనీటితో పచ్చగా పెరిగిన గోధుమచేను చూచెను. నీరు చేరినచో ఈ నేల బంగారము పండునని గ్రహించుటకు అది చాలెను. 1872లో రైల్వే వారు అచ్చట స్టేషను నెలకొల్పిరి. స్టేషను పుట్టిన పిమ్మట ఊరు పుట్టెను.

అప్పటికి ఆ జిల్లాకు ముఖ్యపట్టణము సాన్ వాకీన్ నది యొడ్డున నున్న మిల్లర్టన్. రైలు ఆ ఊరికి పోలేదు. 1874లో జనులు వోట్లు వేసి జిల్లా కార్యస్థానమును ఫ్రెస్నోకు మార్చుకొనిరి. న్యాయస్థానము కదలిన వెంటనే వకీళ్ళు, వర్తకులు, పూటకూటి ఇండ్లవారు కదలిరి. కొంతకాలమునకు నదిపై ఫ్రయంట్ ఆనకట్ట వెలసి, మిల్లర్టన్ ఉండిన చోటు జలాశయములో మునిగిపోయినది. నేడు ఆ పేరు సరస్సునకు మాత్రమే మిగిలియున్నది. బాట తనను విడిచిపోయినచో ఊరి గతి యేమగునో ఫ్రెస్నో తన జన్మకాలముననే చూచెను. కాని ఆ పాఠమును మరచుటకు దానికి ఎంతోకాలము పట్టలేదు.

ఈ నగరపు పటమును చూచినవారికి ఒక విశేషము కనబడును. నడిబొడ్డున వీధులన్నియు ఏటవాలుగా నుండును. దాని చుట్టును వీధులు తూర్పు పడమరలుగను, ఉత్తర దక్షిణములుగను తిన్నగా నుండును. కారణము స్పష్టము. మొదటి వీధులను దిక్కులను బట్టిగాక రైలుపట్టాలను బట్టి గీసిరి. పిమ్మట ఊరు పెరిగినప్పుడు దిక్కులను బట్టి గీసిరి. పాత ఊరు ఎచ్చట ముగిసి కొత్త ఊరు ఎచ్చట మొదలైనదో ఈ వీధుల మలుపే చెప్పును.

ఆ పట్టాలు ఊరిని కన్నట్లే ఊరిని చీల్చినవి కూడ. రైలుమార్గ నిర్మాణమున చెమటోడ్చిన చీనా కూలీలు ఫ్రెస్నోలో స్థిరపడగోరిరి. పట్టాలకు తూర్పున వారికి స్థలము అమ్మగూడదని, అద్దెకీయగూడదని శ్వేతజాతీయులైన భూస్వాములు 1870ల దశకముననే కట్టుబాటు చేసికొనిరి. వారు పడమటి ప్రక్కకు చేరిరి, అదియే చైనాటౌన్. ఆ వెనుక జపానువారు, మెక్సికోవారు, నల్లజాతివారు కూడ ఆ ప్రక్కనే చోటు చూచుకొనవలసి వచ్చెను. 1950ల దశకమున 99వ నెంబరు రహదారిని వాహనములకు మాత్రమేయగు పెద్దబాటగా మార్చినప్పుడు దానిని ఆ పేటల నడుమ నుండియే కొనిపోయిరి. బాట అందరికిని మేలు చేయునని చెప్పుట సులభము. అది ఎవరి వాకిటి ముందునుండి పోవునో, ఎవరి ఇంటిపై నుండి పోవునో విచారించుట కష్టము.

ఇక ఆ నగరపు గుర్తులు. వానిలో పెద్దదిక్కు పాత నీటి గోపురము. 1894లో నిర్మింపబడిన ఈ ఇటుక గోపురము ఎత్తు 109 అడుగులు. పైనున్న తొట్టి 2,50,000 గ్యాలన్ల నీరు పట్టును. దానిని రూపొందించినవాడు చికాగో నగరపు వాస్తుశిల్పి జార్జి వాషింగ్టన్ మేహర్. నీళ్ళ తొట్టియే గదా అని మోటుగా కట్టలేదు. గుండ్రని బురుజువలె, కోటగోపురమువలె తీర్చిరి. రెండవ, మూడవ అంతస్తులలో నగర గ్రంథాలయము నుంచవలెనని మొదటి ఆలోచన. పైన దప్పిక తీర్చు నీరు, దిగువన జ్ఞానదాహము తీర్చు పుస్తకములు! ఎంత అందమైన సంకల్పము! కాని అది నెరవేరలేదు. నీరు వచ్చెను, పుస్తకములు రాలేదు. 1963 వరకు గోపురము తన పని చేసెను. పని తీరిన పిమ్మటను కూల్చక నిలుపుకొనిరి. 1971లో అది జాతీయ చారిత్రక స్థలముల పట్టికకు ఎక్కినది.

గోపురమున చోటు దొరకని గ్రంథాలయము వేరొకచోట వెలసినది. ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ దానధర్మముతో అమెరికాయందు అనేక నగరములలో గ్రంథాలయములు లేచిన కాలమది. ఫ్రెస్నోలో కార్నెగీ గ్రంథాలయము 1904లో ప్రారంభమైనది. ఆ నగరమున 1908లో పుట్టిన విలియం సరోయన్ ఆర్మీనియా నుండి వలస వచ్చిన కుటుంబమువాడు. పసితనముననే తండ్రిని పోగొట్టుకొని, వీధులలో పత్రికలు అమ్మి, తంతివార్తలు చేరవేసి, పాఠశాల చదువు పూర్తి చేయకయే విడిచి, గ్రంథాలయపు పుస్తకములతో తనను తాను తీర్చిదిద్దుకొనెను. తరువాత అతడు అమెరికా ప్రసిద్ధ రచయితలలో నొకడయ్యెను. 1940లో పులిట్జర్ బహుమానము వచ్చినను స్వీకరింపలేదు. అతని కథలలో ఫ్రెస్నో వీధులు, ద్రాక్షతోటలు, ఆర్మీనియా ముసలివారు సజీవముగా నుందురు. అతనిని పెంచిన గ్రంథాలయ భవనమును 1959లో కూల్చివేసి, వేరు భవనమునకు మారిరి. 1870ల నాటి న్యాయస్థాన భవనమును కూడ పలువురు వలదన్నను వినక 1966లో నేలమట్టము చేసిరి. నీటి గోపురము బ్రతికినది. గ్రంథాలయమును, న్యాయస్థానమును బ్రతుకలేదు.

ఈ శతాబ్దపు కథలో నడిబొడ్డు బజారు ఫుల్టన్ వీధి. ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో లోయ అంతటికిని అదే పెద్ద అంగడి. వస్త్రముల దుకాణములు, బ్యాంకులు, నాటకశాలలు, ఎత్తైన భవనములు అచ్చట బారులు తీరియుండెడివి. 1925లో లేచిన పసిఫిక్ సౌత్‌వెస్ట్ భవనము దూరపు పొలములనుండి కూడ కనబడుచుండెను. ద్రాక్షలు ఎండబెట్టి అమ్మి చేతిలో నాలుగు రాళ్ళు చూచిన రైతు కుటుంబముతో వచ్చి బట్టలు కొనుక్కొనుటయు అచ్చటనే. ఆ బజారునకు జనులను చేర్చినది రెండు సాధనములు: దూరపువారికి రైలు, ఊరివారికి ట్రామ్ బండి. సదరన్ పసిఫిక్ స్టేషను 1889లోను, సాంటా ఫే స్టేషను 1899లోను కట్టినవి. రెండు భవనములును నేటికిని ఉన్నవి. సాంటా ఫే స్టేషనులో ఆమ్‌ట్రాక్ రైళ్ళు నేటికిని ఆగుచున్నవి.

ట్రామ్ బండి పోయిన దిక్కుననే కొత్త పేటలు వెలసినవి. నడిబొడ్డునకు ఉత్తరముగా నున్న టవర్ డిస్ట్రిక్ట్ అట్లే పెరిగినది. ఆ పేటకు పేరు తెచ్చిన టవర్ థియేటరు 1939 డిసెంబరులో తెరచిరి. ఎస్. చార్లెస్ లీ అను వాస్తుశిల్పి రూపొందించిన ఆ చలనచిత్రశాల పైనున్న సన్నని వెలుగుల స్తంభము రాత్రివేళ ఆ ప్రాంతమునకంతకును గుర్తు. విచిత్రమేమనగా, ఆ 1939లోనే ఫ్రెస్నోలో చివరి ట్రామ్ బండి నడచి ఆగిపోయినది. పేటను తెచ్చిన బండి పోయినది, పేట మిగిలినది. ఏరు దాటిన పిమ్మట తెప్ప తగులబెట్టినట్లు పట్టాలను పెరికివేసిరి. బదులుగా బస్సులు వచ్చినవి. కాని అప్పటికే జనుల మనస్సు బస్సు మీద లేదు, మోటారు కారు మీద ఉన్నది.

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట నగరము ఉత్తరముగా పరుగెత్తినది. 1950లో లక్షకు లోపుగా నున్న జనసంఖ్య 1960 నాటికి 1,30,000 దాటినది. కొత్త ఇండ్లన్నియు బ్లాక్‌స్టోన్ ఎవెన్యూ వెంట, దానికి ఇరుప్రక్కల. ఇంటింటికిని కారు. కారున్నవానికి కావలసినది దుకాణము కంటె ముందు కారు నిలుపు చోటు. 1955లో బ్లాక్‌స్టోన్ మీద మాంచెస్టర్ సెంటర్ అను అంగళ్ళ సముదాయము వెలసినది. దుకాణములు ఒకచోట, వాని చుట్టును కార్లు నిలుపుటకు విశాలమైన మైదానము. ఫుల్టన్ వీధి వర్తకులు తొలిసారిగా ఉలికిపడిరి.

వారు, నగరపాలకులు కలిసి అప్పుడు ఆశ్రయించినవాడు విక్టర్ గ్రూయెన్. ఇతడు వియన్నా నగరమున 1903లో పుట్టిన యూదుడు. హిట్లరు సైన్యము ఆస్ట్రియాను ఆక్రమించిన 1938లో అమెరికాకు శరణు వచ్చినవాడు. 1956లో మిన్నెసోటా రాష్ట్రమున సౌత్‌డేల్ అను పేర, పైకప్పు క్రింద అంగళ్ళన్నియు నుండునట్టి తొలి బజారు భవనమును రూపొందించి దేశమంతట కీర్తి గాంచినవాడు. వియన్నాలో వీధులు మనుష్యులవి. జనులు నడచుచు, నిలుచుచు, కాఫీ త్రాగుచు, మాటలాడుకొందురు. అమెరికా నగరములకు ఆ సుఖమును తేవలెనని అతని కోరిక. నడిబొడ్డు చుట్టును పెద్దబాటలను వలయముగా వేయవలెను; కార్లు అంచున నిలిపి లోపలకు కాలినడకన రావలెను; లోపలి వీధి పూర్తిగా పాదచారులది కావలెను. ఫ్రెస్నోకు అతడు చెప్పిన మందు ఇది.

1964 సెప్టెంబరు 1వ తేదీన ఫుల్టన్ వీధి ఫుల్టన్ మాల్ అయ్యెను. ఆరు అడ్డవీధుల మేర వాహనములు నిషిద్ధము. ఉద్యానశిల్పి గారెట్ ఎక్బో ఆ స్థలమును ఒక పొడవైన తోటగా మార్చెను. చెట్లనీడలు, నీటి ధారలు, చిన్న కొలనులు, పిల్లల ఆటస్థలములు, కూర్చుండుటకు అరుగులు. లోయలోని కొండల మడతలను తలపించునట్లు నేలపై వంపుల చారలు. నడుమ యాన్ డి స్వార్ట్ చెక్కిన గడియార స్తంభము. ఇరువది వరకు శిల్పములు. వానిలో ఫ్రెంచి కళాకారుడు రెన్వార్ పేరిట గల చాకలి స్త్రీ కంచు విగ్రహమొకటి. సంగ్రహాలయములలో కాపలావారి నడుమ నుండు వస్తువులను కూలివాని బిడ్డయు చేతితో తాకి చూడగలుగునట్లు బజారులో నిలిపిరి. దూరదూరములనుండి నగరనిర్మాతలు చూడవచ్చిరి. ఫ్రెస్నో పేరు దేశమంతట మారుమ్రోగినది.

తరువాత ఏమైనది? కొన్ని సంవత్సరములు జనులు వచ్చిరి. పిమ్మట తగ్గిరి. 1970లో ఉత్తరాన షా ఎవెన్యూ మీద ఫ్యాషన్ ఫెయిర్ అను బజారు తెరచిరి. పైకప్పు, చల్లని గాలి, ద్వారము వరకు కారు. నూరు డిగ్రీలు దాటు వేసవిలో చెట్టునీడ యంత్రపు చల్లదనముతో పోటీపడలేదు. గ్రూయెన్ చెప్పిన వలయపు బాటలు పూర్తియగుటకు దశాబ్దములు పట్టినవి. పూర్తియైన పిమ్మట అవి జనులను నడిబొడ్డునకు తెచ్చుటకు బదులు, నడిబొడ్డున పనిచేయువారిని సాయంకాలమునకు ఉత్తరపు ఇండ్లకు వేగముగా చేర్చుటకే ఉపకరించినవి. 1990ల దశకమున ఇంకను ఉత్తరాన, నది దాపున, రివర్ పార్క్ అను మరియొక బజారు వచ్చినది. 1904లో ఈ ఊరనే పుట్టి రాష్ట్రమంతట వ్యాపించిన గాట్స్‌చాక్ వారి వస్త్రవ్యాపార సంస్థ 2009లో దివాలా తీసి మూతపడినది.

ఇచ్చట ఒక మాట నిదానముగా ఆలోచింపదగినది. ఫుల్టన్ మాల్ విఫలమైనది గనుక జనులకు నడక యిష్టము లేదని కొందరు తీర్పు చెప్పిరి. అది పొరపాటు. ఫ్యాషన్ ఫెయిర్‌లోను జనులు నడచుచునే యుండిరి; లోపల కార్లు లేవు కదా! తేడా ఎచ్చటనున్నది? అచ్చటికి చేరు బాట ఇంటి ముంగిట నుండి తిన్నగా నున్నది. నగరమువారు నడువలేని దూరమున ఇండ్లు కట్టనిచ్చి, నడచుటకు బజారు కట్టిరి. ట్రామ్ బండిని తీసివేసిన పాతికేండ్లకు ట్రామ్ బండి లేకయే ఆ కాలపు వీధిని మరల తేవలెనని చూచిరి. మందు మంచిదే, పథ్యము పాటింపలేదు. గ్రూయెన్ కూడ అమెరికాపై ఆశ వదలుకొని 1968లో వియన్నాకు తిరిగిపోయెను. తన ఆలోచనను వాడుకొని దేశమంతట లేచిన బజారులకు తాను బాధ్యుడను కానని కడపటి దినములలో తెగనాడి, 1980లో మరణించెను.

ఐనను మాల్ పూర్తిగా శూన్యము కాలేదని మరువరాదు. సంపన్నులు వెళ్ళిపోయిన చోటికి పేదలు వచ్చిరి. స్పానిష్ మాటలాడు కుటుంబములు, బస్సుకొరకు వేచియుండువారు, ముసలివారు ఆ చెట్లక్రింద కూర్చుండెడివారు. పెండ్లి దుస్తుల దుకాణములు, నగల దుకాణములు, చిరు వ్యాపారములు సాగినవి. కాగితముమీద లెక్క వ్రాయువారికి అది చచ్చిన బజారు; వాడుకొనువారికి అది బ్రతికిన తోట.

అందువలననే 2010 తరువాత దానిని మరల వీధిగా మార్చవలెనను ప్రతిపాదన వచ్చినప్పుడు ఊరు రెండుగా చీలినది. వాహనములు పోనిచో వ్యాపారము రాదని, ఖాళీ భవనములు కూలిపోవుచున్నవని ఒక పక్షము. ఎక్బో రచన దేశమునకే తలమానికమని, మరమ్మతు చేయక చంపి ఇప్పుడు చచ్చినదనుట న్యాయము కాదని రెండవ పక్షము. చారిత్రక స్థలముల జాతీయ పట్టికకు అది అర్హమని 2010లో తేలినను, స్థల యజమానులలో పెక్కురు అంగీకరింపనందున పట్టికలో చేరలేదు. న్యాయస్థానములకును ఎక్కిరి. తుదకు 2016లో పనులు మొదలిడి, 2017 అక్టోబరులో ఫుల్టన్ వీధిని వాహనములకు మరల తెరచిరి. శిల్పములను బాగుచేసి ప్రక్కబాటలపై నిలిపిరి. గడియార స్తంభము ఉన్నది. పెద్ద చెట్లనేకము పోయినవి. రెండు పక్షముల మాటయందును సత్యమున్నది. కాని ఒక పక్షపు సత్యము మాత్రమే రోడ్డుగా మారినది.

ఇన్ని పథకముల నడుమ, ఏ పథకమును లేకుండ లేచిన — లేచిన అనుట తగదు, దిగిన — గుర్తొకటి ఫ్రెస్నోలో కలదు. సిసిలీ ద్వీపమునుండి వచ్చిన బాల్డసారె ఫోరెస్టియెర్ నిమ్మజాతి తోటలు పెంచదలచి స్థలము కొనెను. త్రవ్విచూడగా క్రింద రాతివంటి గట్టినేల. చెట్టు నాటుటకు పనికిరాని ఆ నేలనే ఇల్లు చేసికొనెను. ఎండ నుండి తప్పించుకొనుటకు భూమిలో గదులు త్రవ్వి, వానికి ఆకాశము కనబడు రంధ్రములుంచి, ఆ వెలుతురున క్రిందనే పండ్లచెట్లు పెంచెను. 1906 మొదలు 1946లో మరణించువరకు నలుబది యేండ్లు చేతిపనిముట్లతో త్రవ్వెను. కార్లు దిగివచ్చుటకు సొరంగమార్గము కూడ త్రవ్వెను! అది షా ఎవెన్యూ మీదనే యున్నది. అంగళ్ళకు పోవు కార్లు దాని మీదుగా ప్రక్కనుండి దినమును సాగిపోవుచుండును. కోట్లు వెచ్చించిన బజారులు మూతపడినను ఆ ఏకాకి త్రవ్వకము నేటికిని యాత్రికులను ఆకర్షించుచున్నది. తన నేలను, తన ఎండను ఎరిగి కట్టినదే నిలుచునని ఆ సిసిలీవాడు మాటలాడకయే బోధించుచున్నాడు.

ఇక రాకపోకల మాట. కారు గలవారికి ఫ్రెస్నో సుఖమైన నగరము. 99, 41, 180, 168 నెంబర్ల పెద్దబాటలు నగరమును నలువైపుల కలుపుచున్నవి. విమానాశ్రయమున్నది, ఫ్రెస్నో ఎయిర్ టెర్మినల్ అను పాతపేరు పొడి అక్షరములు ఎఫ్, ఎ, టి అనునవి నేటికిని దాని సంకేతము. ఆంగ్లమున ఆ మూడక్షరములు కలిపి చదివినచో లావు అను అర్థము వచ్చుటచే ఊరివారికి అదియొక పరిహాసము. ఐతే కారు లేనివాని గతి యేమి? వృద్ధులు, విద్యార్థులు, కూలిజనము, కన్ను కనబడనివారు ప్రతి నగరమున నుందురు. ఉద్యోగములు, వైద్యాలయములు, దుకాణములు ఉత్తరమునకు పోయినవి; పేదలు దక్షిణమున మిగిలిరి. ఒక రవికెగుడ్డ కొనుటకు, ఒక మందు తెచ్చుకొనుటకు బస్సుకొరకు ఎండలో నిలువబడుట దిన దినగండము.

ఈ కొరత తీర్చుటకు నగర బస్సు సంస్థ ఫ్రెస్నో ఏరియా ఎక్స్‌ప్రెస్ 2018లో కొత్త ఏర్పాటు చేసినది. బ్లాక్‌స్టోన్ మీదుగా ఉత్తరమునుండి నడిబొడ్డునకును, అచ్చటినుండి తూర్పు పేటలకును వేగపు బస్సులు పెట్టిరి. వానికి నీడగల ప్రత్యేక మజిలీలు, బస్సు ఎక్కుటకు ముందే చీటి కొను యంత్రములు, తరచుగా రాకపోకలు. కారు ఏ బాటపై ట్రామ్ బండిని గెలిచినదో ఆ దిక్కుననే అందరి బండి మరల అడుగు పెట్టినది. ఆర్భాటము లేకున్నను, ఆ నగరమున ఇటీవల జరిగిన మంచిపనులలో ఇదియొకటి. ఎత్తైన భవనమును అందరును చూతురు. పది నిమిషములకు వచ్చు బస్సును కావలసినవాడే ఎరుగును.

మరియొక పెద్ద కార్యము సాగుచున్నది. శాన్‌ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజిలిస్ నగరములను కలుపు అతివేగపు రైలునకు కాలిఫోర్నియా ప్రజలు 2008లో వోటు వేసిరి. 2015 జనవరిలో ఫ్రెస్నోలోనే శంకుస్థాపన చేసిరి. వ్యయము పెరిగినది, గడువులు దాటినవి, విమర్శలు ముసిరినవి. మొదట లోయలోని భాగమే కట్టుచున్నారు. ఆ రైలునకు చోటిచ్చుటకై ఫ్రెస్నోలో 99వ నెంబరు పెద్దబాటను సుమారు రెండు మైళ్ళ మేర ప్రక్కకు జరిపిరి. ఇన్నాళ్ళు రైలును త్రోసివేసిన రోడ్డు, రైలుకొరకు తాను జరిగినది! కాలచక్రమనగా ఇదియే కాబోలు. కొత్త స్టేషను రానున్నది నడిబొడ్డుననే, 1889 నాటి సదరన్ పసిఫిక్ స్టేషను దాపుననే. అనగా 1872లో ఊరు పుట్టిన తావునకే బాట తిరిగివచ్చుచున్నది. దానికొక ప్రక్క ఫుల్టన్ వీధి, వేరొక ప్రక్క చైనాటౌన్. ఆ రైలు వచ్చిననాడు రెండు ప్రక్కలకును సమానముగా తలుపు తెరచునా, లేక పట్టాలు మరియొకమారు ఊరిని చీల్చునా? స్టేషను అందముకంటె ఈ ప్రశ్న ముఖ్యమైనది.

సభాసదులారా! ఈ కథవలన తేలునది యేమి? బజారు బాటను బట్టి పోవును. బాటను వేయువారు ఎవరి నడకను తలచి వేయుదురో వారికే బజారు దగ్గరగును. తలపునకు రానివారికి దూరమగును. కనుక ఊరికి కొత్త బాట వచ్చునప్పుడు, అంగడి ఒకచోటినుండి వేరొకచోటికి మారునప్పుడు, పెద్దలు అడుగవలసిన మొదటి ప్రశ్న లాభమెంత అని కాదు. బండి లేని ముదుసలి అచ్చటికి ఎట్లు పోవును అని.

గుర్తుల విషయమున మరియొకటి. ఉన్న కట్టడములలో దేనిని కాపాడుకొనవలెనో ఆనాటి అక్కర చెప్పలేదు. 1959లో కార్నెగీ గ్రంథాలయము పాతబడిన ఇల్లు మాత్రమే. దానిలో కూర్చుండి చదివిన పత్రికల కుఱ్ఱవాడు దేశమునకు రచయిత యగుట అప్పటికే జరిగియున్నను, ఆ గోడలకు అది రక్ష కాలేదు. నీటి గోపురము నేటికిని నిలిచి చూపరులను రంజింపజేయుచున్నది. కాని దాని రెండవ, మూడవ అంతస్తులలో వచ్చునన్న పుస్తకములు రానేలేదు. ధనమున్న నగరమునకు సాధ్యము కానిది ఈ గ్రామమున ఇరువదియైదేండ్లుగా నడచుచున్నది. దినమున ఇచ్చటికి నడచివచ్చు బాలబాలికలలో ఎవరెట్టివారగుదురో ఎవరును చెప్పజాలరు. ఆ తలుపు తెరచియుంచుట, ఆ తలుపు వరకు వారికి బాట యుంచుట, ఈ రెండే పెద్దల పని.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, శతవార్షికోత్సవమును జరుపుకొనుగాక!